కేర్ హోమ్ లోపల ఎలా చూసుకుంటున్నారో బయటివాళ్లకు తెలిసేదెలా?

వానచినుకు
మా అత్తయ్యకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట రావడం లేదు, మింగడం కూడా కష్టంగా ఉంది. ఇన్నాళ్లూ ఇంట్లోనే చూసుకున్నాం. కానీ రాత్రిళ్లు పక్కకు తిప్పి పడుకోబెట్టడం, ఎత్తి కూర్చోబెట్టడం మా ఇద్దరి వల్లా కావడం లేదు. మా ఆయనకు నడుం పట్టేసింది. ఇరవై నాలుగు గంటలూ నర్సులుండే చోటయితే మంచిదని డాక్టర్ కూడా అన్నారు.

మూడు కేర్ హోమ్‌లు చూసొచ్చాం. మూడింట్లోనూ నేల మెరిసిపోతోంది, రిసెప్షన్‌లో పూలు, నవ్వుతూ తిప్పి చూపించే మేనేజర్. తేడా ఏమీ తెలియలేదు. నా టెన్షన్ ఒకటే, ఆవిడ ఫిర్యాదు చేయలేరు. ఎవరైనా కసిరినా, తడిసిన బట్టల్లో గంటల తరబడి వదిలేసినా మాకు చెప్పలేరు. మేనేజర్ చూపించినదాన్ని బట్టి నిర్ణయం తీసుకోవడానికి మనసొప్పడం లేదు. లోపల నిజంగా ఎలా చూసుకుంటారో తెలుసుకునే దారి ఉందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నిదానం
ముక్కును నమ్మండి. లోపల అడుగు పెట్టగానే మూత్రం వాసన వస్తే వెనక్కి వచ్చేయండి. ఇంకేం అక్కర్లేదు.

పెద్దకోడలు
నిదానం గారూ, అంత తేలిగ్గా తేల్చలేం. మంచాన పడ్డవాళ్లు అంతమంది ఉన్నచోట, పొద్దున్నే శుభ్రం చేసే వేళకు వెళ్తే ఎంత మంచి హోమ్‌లోనైనా వాసన వస్తుంది. అరగంట ఆగి అదే వరండాలో మళ్లీ నడవండి. అప్పటికీ పోకపోతే, అదీ కుర్చీల్లోంచి, పరుపుల్లోంచి వస్తుంటే అప్పుడు ఆలోచించాలి. ఘాటుగా రూమ్ ఫ్రెషనర్ కొట్టిన చోటన్నా నాకు అనుమానమే.

రాత్రిడ్యూటీ
నేను కేర్ హోమ్‌లలో నర్సుగా చాలా ఏళ్లు చేశాను, ఎక్కువగా రాత్రి షిఫ్టులే. వానచినుకు గారూ, మీ ప్రశ్నలోనే సగం జవాబుంది. గట్టిగా అడగగలిగే పెద్దాయనకు, రోజూ కొడుకో కూతురో వచ్చే పెద్దావిడకు ఎక్కడైనా పనులు జరిగిపోతాయి. అడగలేనివాళ్లు, చూడ్డానికి ఎవరూ రానివాళ్లు ఎలా ఉన్నారో చూడండి. హాల్లో ఓ మూలనో, తలుపు తీసి ఉన్న గదిలోనో కనిపిస్తారు. గదుల్లోకి దూరిపోవద్దు, అది వాళ్ల ఇల్లు. పక్కనుంచి వెళ్తూ కంటపడినంత చాలు.

గోళ్లు శుభ్రంగా ఉన్నాయా, పెదాలు ఎండి పగిలాయా? కళ్లజోడు ముఖాన ఉందా, బల్ల మీదే ఉండిపోయిందా? ముఖాన ఉంటే అద్దాలు తుడిచారా? వినికిడి మెషిన్ వాడేవాళ్ల చెవిలో అది ఉందా? నీళ్ల గ్లాసు చెయ్యి చాపితే అందుతుందా, కిటికీ పక్కన పెట్టేశారా? వయసు మీదపడ్డాక దాహం సరిగ్గా తెలియదు, అడిగి తాగించకపోతే తాగరు. ఇక పిలిచే బెల్. పక్షవాతం వచ్చినవాళ్ల దగ్గర ఇది మొదట చూడండి. పడిపోయిన చేతివైపు బెల్ వేలాడుతుంటే అది లేనట్టే లెక్క. మీ అత్తయ్యకు అది ఎడమవైపే ఉండాలి.

వీటికి పెద్ద మెషిన్లు అక్కర్లేదు, పొద్దున్నే ఎవరో ఒకరు ఆ మనిషి ముఖం చూసి చేసే పనులివి. ఇవి జరగని చోట మీకు కనబడని పనులు, అంటే పక్కకు తిప్పడం, నోరు శుభ్రం చేయడం, సరిగ్గా జరుగుతాయని నేను నమ్మను.

వానచినుకు
బెల్ సంగతి అస్సలు తట్టలేదు రాత్రిడ్యూటీ గారూ. మేం చూసిన గదులన్నీ ఖాళీవే. మనుషులున్న వైపు తీసుకెళ్లలేదు.

చిన్నక్క
ఖాళీ గది చూపించి పంపేశారంటే అది హోటల్ చూసొచ్చినట్టే కదండీ. మళ్లీ వెళ్లండి, ఈసారి భోజనం వేళకు.

లెక్కలమాస్టారు
కంటికి కనిపించినదాని మీదే ఆధారపడితే ఆరోజు అదృష్టాన్ని బట్టి ఉంటుంది. నంబర్లు అడగండి. గత ఆరు నెలల్లో ఎంతమందికి అక్కడికి వచ్చాక బెడ్‌సోర్స్ (ఒకే చోట ఒత్తుకుని పడే పుండ్లు) వచ్చాయి, ఎంతమంది కిందపడ్డారు, ఎంతమంది బరువు తగ్గారు, సిబ్బందిలో ఎంతమంది మానేశారు. మీ ప్రాంతంలో ప్రభుత్వ తనిఖీ రిపోర్టులు దొరికితే గడప తొక్కకముందే చదవండి. అమెరికాలో 2008 నుంచి నర్సింగ్ హోమ్‌లకు ఒకటి నుంచి ఐదు స్టార్లు ఇస్తున్నారు. తనిఖీలు, సిబ్బంది సంఖ్య, నాణ్యతా కొలతలు, ఈ మూడూ చూసి ఇస్తారు. ఇంగ్లండ్‌లో కేర్ హోమ్‌లను తనిఖీ చేసే సీక్యూసీ అనే సంస్థ ఐదు ప్రశ్నలు పెట్టుకుంటుంది: భద్రంగా ఉందా, వైద్యపరంగా ఫలితం ఉందా, ఆప్యాయంగా చూస్తున్నారా, అవసరానికి తగ్గట్టు స్పందిస్తున్నారా, నడిపేవాళ్లు సమర్థులేనా. మీరు ఎక్కడున్నా ఈ ఐదూ పనికొస్తాయి.

రాత్రిడ్యూటీ
మాస్టారూ, నంబర్లు అడగడం మంచిదే, అర్థం చేసుకోవడం దగ్గరే చిక్కంతా. మీరన్న స్టార్లకే మొదట్లో సిబ్బంది లెక్క హోమ్‌లు తమంతట తాము రాసిచ్చేవి. తర్వాత జీతాల రికార్డుల నుంచి తీసుకోవడం మొదలుపెట్టారు. ఎందుకు మార్చాల్సి వచ్చిందో ఊహించుకోవచ్చు.

"మా దగ్గర ఎవరూ పడలేదు" అని ఏ హోమ్ అయినా చెప్తే నాకు భయమేస్తుంది. పడడాలు సున్నా అంటే రాయడం లేదన్నా అనుకోవాలి, ఎవరినీ కుర్చీలోంచి లేవనివ్వడం లేదన్నా అనుకోవాలి. మీరు అడగాల్సింది "ఆఖరుసారి ఒకరు పడ్డప్పుడు మీరేం చేశారు?" అని. మంచి చోట నర్సు ఆగకుండా చెప్తుంది. ఏ వేళలో పడ్డారు, కాళ్లకు ఏం వేసుకుని ఉన్నారు, బాత్రూమ్‌కి వెళ్తూ పడ్డారా, కొత్త మందేమైనా మొదలైందా, తలకు తగిలిందా, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారా, ఇంటివాళ్లకు ఎప్పుడు చెప్పారు, ఆ తర్వాత ఏం మార్చారు. చెడ్డ చోట "వాళ్లు మాట వినరండీ" అంటారు.

నడిపించేవాడు
రాత్రిడ్యూటీ గారి మాటే నాదీ. నేను ఫిజియోథెరపిస్టుని. ఒక హోమ్‌లో నన్ను పిలిపించి, ఇక్కడ ఎవరూ పడరని గొప్పగా చెప్పారు. చూస్తే చక్రాల కుర్చీల్లో నడుముకి గుడ్డ కట్టేసి టీవీ ముందు వరసగా కూర్చోబెట్టారు. మోకాళ్లు వంగినవి వంగినట్టే బిగుసుకుపోయాయి. అలా కదలకుండా ఉంచితే కండ కరిగిపోతుంది, అప్పుడు నిజంగానే నిలబడలేరు. మంచానికి రెండువైపులా కమ్మీలు ఎత్తేసి భద్రత అంటారు. అయోమయంలో ఉన్న మనిషి ఆ కమ్మీలు ఎక్కి దిగబోతే ఇంకా ఎత్తునుంచి పడతారు, మధ్యలో ఇరుక్కుపోయే ప్రమాదమూ ఉంది. చికిత్సకు అవసరం లేకుండా కట్టేయకూడదని అమెరికాలో 1987లోనే నర్సింగ్ హోమ్ చట్టంలో రాశారు. కట్టడం కనిపిస్తే ఎందుకని అడగండి, ఎంతసేపటికి విప్పుతారని అడగండి. జవాబు లేకపోతే ఆ హోమ్ వద్దు.

నిదానం
మరి పడి తుంటి విరిగితే ఎవరిది బాధ్యత? కట్టడం తప్పంటారు, పడితే కేసు పెడతామంటారు.

నడిపించేవాడు
న్యాయమైన ప్రశ్నే. పూర్తిగా ఆపలేం. మంచం బాగా కిందికి దించడం, పక్కన మెత్తటి చాప, జారని చెప్పులు, రాత్రి బాత్రూమ్ దాకా చిన్న లైటు, వేళకు అడిగి తీసుకెళ్లడం. ఇవన్నీ చేసినా కొందరు పడతారు. ఆ సంగతి చేర్చుకునేటప్పుడే మీతో దాపరికం లేకుండా మాట్లాడే హోమ్ మంచిది.

లెక్కలమాస్టారు
సున్నా విషయంలో ఒప్పుకుంటున్నాను. జబ్బు ముదిరినవాళ్లను ఎక్కువగా చేర్చుకునే హోమ్‌కి నంబర్లు సహజంగానే ఎక్కువ ఉంటాయి, అదీ చూడాలి. డొనబెడియన్ అనే వైద్యుడు 1966లోనే వైద్యసేవ నాణ్యతను మూడు వైపులనుంచి చూడమన్నాడు: ఏమేం ఉన్నాయి, పని ఎలా చేస్తున్నారు, చివరికి ఏమైంది. వానచినుకు గారికి మేనేజర్ చూపించింది మొదటిది మాత్రమే. రాత్రిడ్యూటీ గారు చెప్పింది రెండోది. నేను అడగమంటున్నది మూడోది. ఏ ఒక్కటీ సరిపోదు.

కాగితంపడవ
మా అమ్మకు మతిమరుపు జబ్బు. ఒక హోమ్‌లో చేర్చాక కొద్ది వారాల్లోనే బాగా "కుదురుకున్నారు" అన్నారు. వెళ్లి చూస్తే ఎప్పుడూ నిద్రే. పలకరిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసేది, నోట్లో ముద్ద అలాగే ఉండిపోయేది. మందుల చీటీ అడిగితే రెండుసార్లు దాటేశారు. మూడోసారి లిఖితపూర్వకంగా అడిగితే ఇచ్చారు. సాయంత్రం అరుస్తోందని నిద్రమత్తు తెచ్చే మానసిక వ్యాధుల మందు మొదలుపెట్టారు, మాతో ఒక్క మాట అనలేదు. మా డాక్టర్ దాన్ని మెల్లగా తగ్గించి ఆపించారు. అమ్మ అరుపులకు కారణం మలబద్ధకం నొప్పి! దానికి చికిత్స చేయగానే సాయంత్రాలు ప్రశాంతంగా గడిచాయి.

రాత్రిడ్యూటీ
కాగితంపడవ గారు చెప్పింది అందరూ గుర్తుపెట్టుకోండి. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్లకు ఈ రకం కొత్త మందులతో మరణించే ప్రమాదం పెరుగుతుందని అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ 2005లో హెచ్చరిక ఇచ్చింది, 2008లో పాత రకం మందులకూ దాన్ని వర్తింపజేసింది. ఒక్కోసారి నిజంగా అవసరమవుతాయి, అప్పుడు కూడా ఎందుకు, ఎంత మోతాదు, ఎప్పుడు ఆపాలి అనేది ఇంటివాళ్లతో మాట్లాడి రాసుకోవాలి. మీ అంతట మీరు ఆపించొద్దు, డాక్టర్‌తోనే. నొప్పి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, ఇవన్నీ మాట రాని మనిషిలో అరుపుగానో, ఉన్నట్టుండి వచ్చిన అయోమయంగానో బయటపడతాయి. హోమ్ చూడ్డానికి వెళ్లినప్పుడు "మాట్లాడలేనివాళ్లకు నొప్పి ఉందని మీకెలా తెలుస్తుంది?" అని అడగండి. ముఖం చిట్లించడం, తాకితే చేయి తోసేయడం, తిండి మానేయడం లాంటివి గమనిస్తామని చెప్పాలి. నేనైతే ఈ ఒక్క ప్రశ్నతోనే సగం తేల్చుకుంటాను.

చిన్నక్క
మా మేనత్త ఉన్న హోమ్‌లో ఆవిడ బెల్ కొట్టి, ఎంతసేపటికి వచ్చారో డైరీలో రాసుకునేది. తనిఖీకి వచ్చినవాళ్లు "మీకేమైనా చెప్పాలనుందా అమ్మా" అంటే ఆ డైరీ తీసి చేతిలో పెట్టింది. ఇప్పుడు ఆవిడ గది ముందు అందరూ పరిగెత్తుతూ నడుస్తారట :) కానీ పక్క గదిలో ఉన్న మూగావిడ కోసం కూడా మా అత్తే బెల్ కొడుతుంది, అది మాత్రం నాకు కన్నీళ్లు తెప్పించింది.

పెద్దకోడలు
మీ అత్తగారికి నా దండాలు చెప్పండి చిన్నక్కా.

గొంతుక
మింగడం కష్టమని రాశారు కాబట్టి చెప్తున్నా, నేను స్పీచ్ థెరపిస్టుని. భోజనం వేళకు వెళ్లి ఒకరికి తినిపించడం చూడండి. ఇది చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. తినేవాళ్లు నిటారుగా కూర్చున్నారా, తల వెనక్కి వాలిపోయి ఉందా? తినిపించేవాళ్లు కూర్చుని, కళ్లెదురుగా ఉండి తినిపిస్తున్నారా, లేక నిలబడి పైనుంచి కుక్కుతున్నారా? ముద్ద మింగారో లేదో చూసి తర్వాతి ముద్ద పెడుతున్నారా? ఒకరే ఇటు ఒకరికి, అటు ఒకరికి పెడుతుంటే ఆ పూట మనుషులు చాలడం లేదన్నమాట. తిన్నాక వెంటనే పడుకోబెట్టకూడదు, కనీసం అరగంట కూర్చోబెట్టాలి.

నీళ్లు చిక్కగా చేసి ఇవ్వమని రాసి ఉంటే, ఎంత చిక్కగా అని అడగండి. దానికి ఐడీడీఎస్ఐ అని అంతర్జాతీయ కొలమానం ఉంది, 0 నుంచి 7 వరకు అంచెలు. నిర్ణీత కొలతల 10 మి.లీ. సిరంజిలో పోసి 10 సెకన్లు కారనిచ్చి, ఎంత మిగిలిందో చూసి చెప్పేస్తారు. 1 నుంచి 4 మి.లీ. మిగిలితే ఒకటో అంచె, 4 నుంచి 8 అయితే రెండోది, కొంతైనా కారి 8 కన్నా ఎక్కువ మిగిలితే మూడోది. "ఏదో పొడి కలుపుతాం అండి" అంటే మీ అత్తయ్యకు అది ప్రమాదం. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. నోరు రోజూ శుభ్రం చేయడం కూడా ఇందులో భాగమే. పాచి పట్టిన నోటిలోని లాలాజలం ఊపిరితిత్తుల్లోకి దిగినా అదే న్యుమోనియా.

వానచినుకు
ఇవన్నీ పుస్తకంలో రాసుకుంటున్నాను. బెడ్‌సోర్స్ గురించి ఎవరైనా చెప్తారా? అత్తయ్యకు ఇంట్లోనే నడుం కింద కాస్త ఎర్రబడింది.

రాత్రిడ్యూటీ
ఆ ఎరుపు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా సమయం ఉంది. నొక్కినా తెల్లబడకుండా ఉంటే అది మొదటి దశ పుండే. మొత్తం నాలుగు దశలు, నాలుగోది కండరం, ఎముక దాకా పోతుంది. చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనబడదు, అక్కడ వేడిగా, గట్టిగా లేదా మెత్తగా తగులుతుందేమో తడిమి చూడాలి. ఎర్రబడ్డచోట రుద్దొద్దు, మసాజ్ చేయొద్దు. మధ్యలో రంధ్రం ఉండే గుండ్రటి దిండు కూడా వద్దు, చుట్టూ ఒత్తిడి పెరుగుతుంది. ఇవాళే డాక్టర్‌కి చూపించండి.

హోమ్‌లో అడగాల్సింది: చేరిన రోజు బ్రేడెన్ స్కోరు, అంటే బెడ్‌సోర్స్ వచ్చే ప్రమాదం ఎంతో చెప్పే లెక్క, వేస్తారా? 1987 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి, 6 నుంచి 23 వరకు పాయింట్లు, ఎంత తగ్గితే అంత ప్రమాదం, 18 లేదా అంతకన్నా తక్కువైతే జాగ్రత్త మొదలుపెట్టాలి. రెండు గంటలకోసారి తిప్పుతామని అందరూ అంటారు. రాత్రి మూడింటికి తిప్పేది ఎవరు, ఎక్కడ రాస్తారు, ఆ కాగితం చూపించమనండి. రోజంతా టిక్కులు ఒకే పెన్నుతో, ఒకే వంపుతో, నిమిషం తేడా లేకుండా ఉంటే ఒకేసారి కూర్చుని నింపేశారని అర్థం. ఆ కాగితం కన్నా మడమలు నిజం చెప్తాయి. చేర్చాక మీ అత్తయ్య దుప్పటి తీసి మడమలు పరుపుకి ఆనుతున్నాయో లేదో చూడండి.

మిణుగురు
ఇంత కష్టం ఎందుకు? గదిలో కెమెరా పెట్టేయండి, ఫోన్‌లో చూసుకోవచ్చు.

కాగితంపడవ
మిణుగురు గారూ, ఆవిడకు బట్టలు మార్చేది, ఒళ్లు తుడిచేది కూడా ఆ గదిలోనే. మీ ఒంటికి అలా జరుగుతుంటే అందరి ఫోన్లలో కనబడాలని మీరనుకుంటారా? ఆవిడ మాట్లాడలేరు కాబట్టి అనుమతి అడగక్కర్లేదని కాదు.

మిణుగురు
మాట్లాడలేనివాళ్లను కొడితే ఎవరు చెప్తారు మరి? సిగ్గు కన్నా ప్రాణం ముఖ్యం.

పహరా
నేను ఒక హోమ్‌లో మేనేజర్‌ని, ఇప్పటిదాకా ఊరికే చదువుతున్నా. కెమెరా గురించి చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, ముందు అది చూసుకోండి. పక్క మంచంలో ఇంకొకరుంటే వాళ్ల అనుమతి కూడా కావాలి. కొన్ని కుటుంబాలు కెమెరా పెట్టాక రావడం తగ్గించేశాయి, నా కళ్లతో చూశాను. కెమెరాకి వాసన తెలియదు, మడమ కనబడదు, చెయ్యి పట్టుకోదు. అయినా దెబ్బల మచ్చలు, ఎవరో ఒకరు దగ్గరికి రాగానే ముడుచుకుపోవడం లాంటి అనుమానం నిజంగా ఉంటే పెట్టమని అడగడం మీ హక్కే, నేను కాదనను. అలాంటి అనుమానం వస్తే కెమెరా కోసం ఆగకుండా ఆరోజే పై అధికారులకు చెప్పండి.

ఇంకొకటి. ఇక్కడ చదువుతుంటే సిబ్బంది అందరూ దొంగలన్నట్టు ఉంది. చాలామంది చాలా కష్టపడతారు. ఒక్క ఆయా పన్నెండు మందిని లేపి, కడిగి, తినిపించాల్సి వస్తే ఎంత ప్రేమున్నా ఆమె వల్ల కాదు. అందుకే మనుషుల లెక్క గట్టిగా అడగండి, మాకూ అది బలం. "నిష్పత్తి ఎంత" అని అడిగితే కాగితం మీది అంకె చెప్తారు. "నిన్న రాత్రి ఈ అంతస్తులో ఎంతమంది పెద్దవాళ్లు, ఎంతమంది డ్యూటీలో ఉన్నారు, అందులో నర్సులెంతమంది?" అని అడగండి.

లెక్కలమాస్టారు
పహరా గారి ప్రశ్న నా ప్రశ్నల కన్నా బాగుంది. దీనికి నేను ఇంకోటి కలుపుతా: అందులో ఏజెన్సీ నుంచి ఆ పూటకు వచ్చినవాళ్లెంతమంది?

పహరా
అవును, అదే అసలు ప్రశ్న. ఒకే ఆయా ఒకే మనిషిని రోజూ చూస్తే ఆకలి, నొప్పి, భయం ముఖంలోనే పసిగడుతుంది. రోజుకో కొత్త ముఖమైతే ఎవరికీ ఏమీ తెలియదు. మీ అత్తయ్య గురించి ఒక పేజీ రాసి మంచం దగ్గర పెట్టండి వానచినుకు గారూ. ఏమని పిలిస్తే పలుకుతారు, ఏ పక్కకు పడుకుంటే నిద్రపడుతుంది, ఔనంటే ఏం చేస్తారు, కాదంటే ఏం చేస్తారు, దేనికి భయపడతారు. కొత్తగా వచ్చిన పిల్ల కూడా ఆ పేజీ చదివి మనిషిని మనిషిలా పలకరిస్తుంది.

పెద్దకోడలు
మేం ఫిర్యాదు చేస్తే ఆ కోపం మా మామగారి మీద చూపిస్తారేమోనని చాలాకాలం నోరు మూసుకున్నాం. పహరా గారూ, దీనికేమంటారు?

పహరా
ఆ భయం నిజమే, తీసిపారేయను. చిన్న విషయమైతే ముందు ఆ షిఫ్ట్ ఇన్‌ఛార్జితో నేరుగా చెప్పండి. మారకపోతే రాసివ్వండి: తేదీ, వేళ, ఏం చూశారు, ఏం కావాలి. "సరిగ్గా చూడటం లేదు" అని రాస్తే మేం ఏమీ చేయలేం. "మంగళవారం సాయంత్రం నాలుగింటికి వచ్చేసరికి డైపర్ తడిసి పక్కబట్టల దాకా వచ్చింది, మధ్యాహ్నం నుంచి మార్చినట్టు రికార్డులో లేదు" అని రాస్తే తప్పించుకునే దారుండదు. బాగా చేసినవాళ్ల పేరు కూడా రాయండి, అది కూడా ఫైల్‌లోకి వెళ్తుంది. చేరేముందే ఒప్పందంలో ఒకటి చూడండి: ఏ కారణాలకు హోమ్ మిమ్మల్ని ఖాళీ చేయమనొచ్చు, ఎన్నాళ్ల నోటీసు ఇవ్వాలి. అక్కడ గట్టిగా ఉంటే మీ నోరు కూడా గట్టిగా ఉంటుంది.

నిదానం
ఆయాను పక్కకు పిలిచి "మీ అమ్మనైతే ఇక్కడ చేరుస్తావా?" అని అడగొచ్చు కదా.

రాత్రిడ్యూటీ
అలా అడగొద్దు నిదానం గారూ. మేనేజర్ వింటుంటే ఆమె ఏం చెప్తుంది? "ఈ పెద్దావిడకు ఏమంటే ఇష్టం?" అని అడగండి. వెంటనే నవ్వి ఏదో ఒకటి చెప్తే ఆమెకు ఆ మనిషి తెలుసు.

వానచినుకు
మళ్లీ మూడు చోట్లకూ వెళ్లొచ్చాం, ఈసారి చెప్పకుండా, సాయంత్రం భోజనం వేళకు. మొదటి చోట ముందే అపాయింట్‌మెంట్ లేకపోతే లోపలికి రానివ్వమన్నారు. రెండోచోట లోపలికి పంపారు, కానీ ఒకే అమ్మాయి ముగ్గురికి తినిపిస్తోంది. పాపం ఆమె ఏజెన్సీ నుంచి ఆరోజే వచ్చిందట, ఎవరి పేరూ తెలియదు. మూడోది మా లిస్టులో ఆఖర్న ఉన్నది. బిల్డింగ్ పాతది, గోడలకు పెచ్చులూడాయి. కానీ మాట రాని ఒక పెద్దాయన దగ్గర నర్సు కూర్చుని మెల్లగా తినిపిస్తోంది, ఆయన కళ్లజోడు శుభ్రంగా ఉంది, బెల్ ఒళ్లో ఉంది. ఆఖరుసారి ఎవరు పడ్డారని అడిగితే పేరు చెప్పకుండా మిగతాదంతా వివరంగా చెప్పింది, ఆ తర్వాత ఆ గదిలో లైటు మార్చామని కూడా. మింగడం గురించి అడిగితే మాత్రం సిరంజి పరీక్ష తెలియదంది. మా థెరపిస్టు వచ్చి నేర్పిస్తే నేర్చుకుంటాం అంది. గొంతుక గారూ, ఇది ఫర్వాలేదా?

గొంతుక
తెలియదని చెప్పడం మంచిదే. కానీ చేరిన రోజునుంచే అత్తయ్యకు అది కావాలి కాబట్టి, చేర్చకముందే నేర్పించే ఏర్పాటు జరగాలని షరతు పెట్టండి. ఏ అంచె నీళ్లు, ఏ అంచె ఆహారం అన్నది థెరపిస్టు చేత రాయించి వంటింట్లోనూ, మంచం దగ్గరా అంటించమనండి. రాత్రి షిఫ్టువాళ్లకు కూడా తెలియాలి.

రాత్రిడ్యూటీ
చేర్చే రోజు నర్సుతో కలిసి మీరూ ఉండి తల నుంచి మడమ దాకా ఒళ్లు చూసి, ఎక్కడెక్కడ ఏం ఉందో రాయించండి. ఆ నడుం కింది ఎరుపు కొలత కూడా. బరువు ఆరోజే తూయించండి. తర్వాత ఏం మారినా పోల్చుకోవడానికి ఆ కాగితం ఉండాలి. హోమ్‌కీ అది మేలే, ఇంటినుంచి వచ్చిన పుండుకి వాళ్లను అనకుండా ఉంటాం. మొదటి నెలలో వేళ మార్చి మార్చి వెళ్లండి, ముఖ్యంగా సెలవు రోజుల్లో.

తాటిముంజ
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా నాన్న ఇప్పటికే ఒక హోమ్‌లో ఉన్నారు. చొక్కాలన్నీ వదులైపోయాయి. అడిగితే వయసు కదండీ అంటున్నారు. నిజంగా వయసేనా?

రాత్రిడ్యూటీ
వయసు అని వదిలేయొద్దు. నెలవారీ బరువు రికార్డు అడగండి. ఒక్క నెలలో 5 శాతం, లేదా ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే తీవ్రంగా తీసుకోవాల్సిందే. అరవై కిలోల మనిషి ఒక నెలలో మూడు కిలోలు తగ్గితే డాక్టర్ చూడాలి. ఒకే తూకం మెషిన్ మీద, ఒకేలాంటి బట్టల్లో తూశారా అన్నది కూడా అడగండి. కాళ్లలో నీరు చేరినా, తగ్గినా బరువు మారుతుంది. ఆకలి చంపే కొత్త మందు, దిగులు, థైరాయిడ్, నోటి పుళ్లు, ఇలా కారణాలు చాలా ఉంటాయి. చాలావాటికి మందుంది.

పెద్దకోడలు
భోజనం వేళకు వెళ్లి పక్కన కూర్చోండి తాటిముంజ గారూ. మా మామగారి ప్లేటు ముట్టుకోకుండానే తీసుకెళ్లిపోయేవారు. రికార్డులో మాత్రం "సగం తిన్నారు" అని ఉండేది.

గొంతుక
కట్టుడు పళ్లు ఉన్నాయేమో చూడండి. బరువు తగ్గితే చిగుళ్ల మీద అవి వదులైపోతాయి, నమిలితే నొప్పి, దాంతో ఇంకా తినరు. అవి కడిగి పెట్టేటప్పుడు పక్కవాళ్లవి మారిపోవడం కూడా నేను చూశాను. పళ్ల సెట్టు మీద పేరు రాయించారో లేదో అడగండి, పళ్ల డాక్టర్‌ని హోమ్‌కే పిలిపించే వీలుందేమో కనుక్కోండి.